పెద్ద టైరు వేస్తే ట్రైలర్ ఎక్కువ బరువు మోస్తుందా?

ప్రశ్న: అన్నగారికి నమస్కారం. మేము డాలస్ శివారులో ఉంటాం. పోయిన ఏడాది రెండు ఇరుసుల ట్రావెల్ ట్రైలర్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. జూలైలో పిల్లలతో కొలరాడో బయల్దేరితే, 287 హైవే మీద చిల్డ్రెస్ దాటాక ఎడమవైపు వెనక టైరు పేలిపోయింది. ఫెండర్ చీలింది, కింద గ్యాస్ పైపు వంగింది. ఎవరికీ ఏమీ కాలేదు. టైరు మీద సైజు ఎస్‌టీ205/75ఆర్14, బలం తెలిపే అక్షరం లోడ్ రేంజ్ సి, మోయగలిగే బరువు 1,760 పౌండ్లు అని ఉంది. గీతలు ఇంకా లోతుగానే ఉన్నాయి. గాలి కూడా బయల్దేరే ముందు చూసుకున్నాను, మా ట్రక్కుకు పెట్టినట్టే 35 పెట్టాను. స్పీడు 75 దాటలేదు. ట్రైలర్ స్టిక్కర్ మీద మొత్తం బరువు పరిమితి 7,000 పౌండ్లు, ఒక్కో ఇరుసుకు 3,500, ఖాళీ బరువు 5,350 అని ఉన్నాయి.

ఇప్పుడు ఒక ఫ్రెండ్ "15 అంగుళాలకు మార్చెయ్, ఎస్‌టీ225/75ఆర్15 లోడ్ రేంజ్ ఇ వేయించు, ఒక్కోటి 2,830 మోస్తుంది, నాలుగూ కలిపి 11,320, ఇంక టెన్షనే ఉండదు" అంటున్నాడు. ఆన్‌లైన్‌లో నాలుగు పాత 15 అంగుళాల రిమ్ములు చవగ్గా దొరికాయి. ఐదు బోల్టులవే, మా హబ్‌కు సరిపోతాయి. వెనక్కి తిప్పి చూస్తే 15×5, 1820 అని అచ్చు కొట్టి ఉంది. ఇంకో ఫ్రెండ్ తన ఎస్‌యూవీ నుంచి తీసిన టైర్లు ఊరికే ఇస్తానంటున్నాడు. ఏది వేయించమంటారు? పెద్ద టైర్లు వేశాక సామాను కాస్త ఎక్కువ వేసుకోవచ్చా? ఫోటోలు పంపుతున్నాను.
– ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: అందరూ క్షేమంగా ఇల్లు చేరారు, సంతోషం. ఫెండర్ది ఏముంది, రేకు.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన ముక్క ఆ 1820. రిమ్మును వెనక్కి తిప్పి చూసేవాళ్లు చాలా తక్కువ. టైరు మీది అంకెలు పైకి కనిపిస్తాయి కాబట్టి అందరూ చదువుతారు. రిమ్ము మీది అంకె లోపలివైపు, బురదా తుప్పూ పట్టి ఉంటుంది కాబట్టి ఎవరూ చదవరు. మీరు చదివారు, కానీ చదివి పక్కన పెట్టేశారు. ఆ 1820 అంటే ఆ ఒక్క రిమ్ము మోయగలిగిన బరువు, పౌండ్లలో. దాని మీద 2,830 పౌండ్ల టైరు ఎక్కించినా ఆ చక్రం బలం 1,820 దగ్గరే ఆగిపోతుంది.

అక్కడితో అయిపోలేదు. ఆ చక్రం బిగించే హబ్, బేరింగులు, ఇరుసు, కట్టలు (స్ప్రింగు పట్టీలు) అన్నీ కలిపి ఒక్కో ఇరుసుకు 3,500 అని తయారుచేశారు. అంటే ఒక్కో వైపు 1,750. మీ ఫ్రెండ్ లెక్క కట్టిన 11,320 పౌండ్లు టైర్ల కంపెనీ కాగితం మీద మాత్రమే ఉన్నాయి, మీ ట్రైలర్‌లో ఎక్కడా లేవు. మా ఊళ్లో నూతికి పాత చేంతాడు, అరిగిన గిలక ఉండేవి. ఎవరో పెద్ద బొక్కెన కొనుక్కొచ్చి కట్టారు. బొక్కెన బాగానే ఉంది. తాడే తెగింది.

కాబట్టి మీ చివరి ప్రశ్నకు ముందే జవాబు చెప్పేస్తాను: సామాను పెంచకూడదు. టైరు మార్చినా, రిమ్ము మార్చినా స్టిక్కర్ మీది 7,000 మారదు. బరువు నిజంగా పెరగాలంటే ఇరుసులు, కట్టలు, బ్రేకులు, హబ్‌లు, వాటిని పట్టుకున్న ఫ్రేము అన్నీ మారాలి. అంతదాకా వస్తే వేరే ట్రైలర్ కొనుక్కోవడమే చవక. పెద్ద టైరు వల్ల వచ్చే లాభం ఎక్కువ మోయడం కాదు, ఉన్న బరువునే కష్టపడకుండా మోయడం. ఆ లాభం మీకు కావాలి, తప్పకుండా కావాలి. ఎంత కావాలన్నదే ఇప్పుడు చూడాల్సింది.

దానికి ముందు ఆ టైరు ఎందుకు పేలిందో తేల్చుకోవాలి. లేకపోతే కొత్త టైర్లు కూడా అదే దారిన పోతాయి.

నాకు మొదట అనుమానం వచ్చింది మీ 35 మీద. ట్రక్కు తలుపు పక్కన స్టిక్కర్ మీద 35 ఉంటే అది ట్రక్కు టైర్లకు. ట్రైలర్ టైరు పక్కన రాసి ఉన్నది చూడండి: 1,760 పౌండ్లు, 50 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర. ఆ రెండు అంకెలూ జంట. గాలి తగ్గితే మోసే బరువూ తగ్గుతుంది. అదే సైజు టైరు 35 పీఎస్‌ఐ దగ్గర మోయగలిగేది సుమారు 1,430 పౌండ్లు. అంటే మీరు ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే ఒక్కో టైరు నుంచి 330 పౌండ్లు తీసి పక్కన పెట్టేశారు.

ఇప్పుడు మీ బరువు చూద్దాం. ఖాళీ బరువు 5,350. నీళ్ల ట్యాంకు నింపుకుని వెళ్లానని ఫోటో కింద రాశారు. గ్యాలన్ నీళ్లు 8.3 పౌండ్లు, 40 గ్యాలన్లంటే 330 పైమాటే. బ్యాటరీ, గ్యాస్ బండలు, కుర్చీలు, పిల్లల సైకిళ్లు, ఐదుగురికి పది రోజుల తిండి. మన వాళ్ల క్యాంపింగ్ ఎలా ఉంటుందో నాకు తెలియనిదా? బియ్యం బస్తా, కుక్కర్లు, ఇనుప పెనం, గ్రైండరు కూడా ఎక్కుతాయి. మొత్తం 6,900 అయి ఉంటుందని నా అంచనా. అందులో 12 శాతం దాకా ముందు కొక్కెం మీదుగా ట్రక్కు మీద పడుతుంది. మిగిలిన 6,070 నాలుగు టైర్లు పంచుకుంటే తలా 1,518. మోయగలిగింది 1,430. ఇది కూడా నాలుగింటి మీదా సమానంగా పడితేనే. మీ ట్రైలర్‌లో ఫ్రిజ్, స్టవ్, బయటికి జరిగే గది మూడూ ఎడమ పక్కనే ఉన్నాయి. పేలింది కూడా ఎడమ పక్కదే.

గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టులోనూ పక్కల దగ్గర నలుగుతుంది. నలిగిన చోట వేడి పుడుతుంది. ఆ వేడికి లోపలి పొరలు ఒకదాన్నుంచి ఒకటి ఊడతాయి. జూలైలో టెక్సస్ తారురోడ్డు, దానికి తోడు 75 మైళ్ల స్పీడు. ట్రైలర్ టైరు మీద స్పీడు అక్షరం ఏదీ లేకపోతే అది 65 మైళ్లకు చేసిన టైరు. మీ ఫోటోలో నాకు ఏ అక్షరమూ కనిపించలేదు. హైవే బోర్డు మీద 75 ఉన్నది కార్లకు సరే, మీ టైరుకు ఆ బోర్డు చదవడం రాదు.

ఇంకొకటి. టైరు పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరుస చివర 2316 అని ఉంది చూశారా? 2016లో 23వ వారం, అంటే జూన్ మొదట్లో తయారైన టైరు. ట్రైలర్ ఏడాదిలో ఎక్కువ కాలం ఎండలో ఊరికే నిలబడి ఉంటుంది. గీతలు అరగవు, రబ్బరు మాత్రం ముసలిదవుతుంది. కారు టైరును గీతలు చూసి మారుస్తాం, ట్రైలర్ టైరును పుట్టిన తేదీ చూసి మార్చాలి. ఐదారేళ్లు దాటితే నేను నమ్మను. కాబట్టి మీ మిగతా మూడు టైర్లూ, కింద వేలాడుతున్న స్టెప్నీ కూడా రిటైర్ కావలసినవే. ముఖ్యంగా పేలినదానికి ముందున్న టైరు. రెండు ఇరుసుల ట్రైలర్‌లో ఒక టైరు పోతే ఆ పక్క బరువంతా దాని జంట టైరు మీద పడుతుంది. మీరు ఆపేలోపు అది దాదాపు రెట్టింపు మోసుంటుంది. చూడ్డానికి నిక్షేపంగా ఉన్నా లోపల ఏమైందో పైకి తెలియదు.

అంటే సైజు మార్చకపోయినా, కొత్త టైర్లు 50 పీఎస్‌ఐతో, 65 లోపు స్పీడుతో నడిపి ఉంటే మీరు ఈ ఉత్తరం రాసేవారే కాదేమో. అలాగని సైజు మార్చొద్దని చెప్పడం లేదు. కంపెనీ వాళ్లు మీకు ఇచ్చిన వెసులుబాటు ఎంతో చూడండి. ఇరుసు పరిమితి 3,500. రెండు టైర్లు కలిపి 3,520. తేడా 20 పౌండ్లు, ఇండియన్ స్టోర్‌లో సోనా మసూరి సంచి ఒకటి. రూలు ప్రకారం ఇరుసు మీది టైర్ల బలం ఇరుసు పరిమితికి తగ్గకూడదు. అది తగ్గలేదు, అంతే. ఇలా అంచు మీద నిలబెట్టి అమ్మడం నాకు ఎప్పుడూ నచ్చదు. కనీసం 15, 20 శాతం మిగులు ఉండాలి.

ఆ మిగులు తెచ్చుకోవడానికి మీ ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, సైజు మార్చకుండా రేంజ్ ఒక్కటే మార్చడం. ఇదే ఎస్‌టీ205/75ఆర్14 లోడ్ రేంజ్ డి లో దొరుకుతుంది. 65 పీఎస్‌ఐ దగ్గర 2,040 పౌండ్లు. ఎత్తూ వెడల్పూ మారవు కాబట్టి ఫెండర్‌కు తగులుతుందన్న భయం లేదు. ఒకే ఒక్క షరతు, మీ పాత 14 అంగుళాల రిమ్ములు ఆ గాలినీ ఆ బరువునీ తట్టుకోవాలి. వాటిని కూడా ఇలాగే వెనక్కి తిప్పి చూడండి. 2,040 గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉంటే, 65 పీఎస్‌ఐకి సరేనని రిమ్ము కంపెనీ చెబితే, నేనైతే కళ్లు మూసుకుని ఇదే చేస్తాను. డబ్బు మిగులుతుంది, పని ఒక పూటలో అయిపోతుంది. 1,760 అని ఉంటే మాత్రం ఆ రిమ్ముల మీద రేంజ్ డి వేసి లాభం లేదు. 65 గాలి కొడితే రిమ్ముకు దాని హద్దు దాటిన ఒత్తిడి, కొట్టకపోతే డి కి పెట్టిన డబ్బు దండగ.

రెండోది, అలా రిమ్ములు ఎటూ మార్చాల్సి వస్తే 15 అంగుళాలకు వెళ్లడం. ఎస్‌టీ205/75ఆర్15 లోడ్ రేంజ్ డి, 65 పీఎస్‌ఐ దగ్గర 2,150 పౌండ్లు. ఐదు బోల్టుల 15×6 రిమ్ములు చాలావాటి మీద ఇదే 2,150 అచ్చు ఉంటుంది. టైరూ రిమ్మూ ఒకే అంకె దగ్గర కలుస్తాయి, రెండూ ఇరుసు వైపు బలమైన 1,750 కంటే 400 పైన ఉంటాయి. టైరు ఎత్తు 26.1 అంగుళాల నుంచి 27.1 అవుతుంది. అంటే పైన ఫెండర్‌కు అర అంగుళం దగ్గరవుతుంది, ట్రైలర్ అర అంగుళం లేస్తుంది. ఇది చాలామంది ట్రైలర్లకు ఇబ్బంది లేకుండా కుదిరే మార్పు.

మీరు చూసిన చవక రిమ్ములు ఇక్కడే తేలిపోతాయి. 15×5, 1820. ఎస్‌టీ205/75ఆర్15 లోడ్ రేంజ్ సి 50 పీఎస్‌ఐ దగ్గర మోసేది సరిగ్గా 1,820. ఆ రిమ్ములు పుట్టిందే ఆ టైరు కోసం. వాటిని కొని, టైర్లు వేయించి, బిగించి, ఇంత హడావిడి చేశాక మీకు దక్కేది పాత 1,760 మీద 60 పౌండ్లు. ఆ డబ్బుతో గ్రాండ్ జంక్షన్‌లో పీచ్ పళ్లు కొనుక్కోవచ్చు.

మూడోది మీ ఫ్రెండ్ చెప్పిన ఎస్‌టీ225/75ఆర్15 లోడ్ రేంజ్ ఇ. టైరు మంచిదే, చెడ్డదని అనను. కానీ మీ బండికి ఎందుకో నాకు అర్థం కాలేదు. దాని బలం 80 పీఎస్‌ఐ దగ్గర 2,830. అదే టైరులో 65 గాలి ఉంటే 2,540, 50 ఉంటే 2,150. ఇక్కడ చాలామంది పొరబడతారు: ఇ అన్న అక్షరం బరువు మోయదు, గాలి మోస్తుంది. టైరు ఎంత గాలి తట్టుకోగలదో ఆ అక్షరం చెబుతుంది, అంతే. 2,150 రిమ్ము మీద ఈ టైరు వేసి 50 గాలితో నడిపితే లెక్క తప్పదు నిజానికి. కానీ టైరు పక్కన 80 అని పెద్ద అక్షరాలు చూసి రేపు మీరో, మీ అబ్బాయో, మీ దగ్గర ట్రైలర్ కొన్నవాళ్లో 80 కొట్టేస్తారు. 65 కే ఆమోదం ఉన్న రిమ్ము మీద 80 గాలి. నా మనసు ఒప్పదు. పైగా 80 గాలితో 1,500 బరువు మోసే టైరు రాయిలా ఉంటుంది. ట్రైలర్ లోపల అల్మారా తలుపులు ఊడి, గిన్నెలు దొర్లుతాయి.

జాగా సంగతి కూడా ఉంది. ఆ టైరు ఎత్తు 28.3 అంగుళాలు. మీ పాతదానికంటే రెండు అంగుళాలపైనే. ఫెండర్ వైపు అంగుళానికి పైగా పోతుంది. మీ రెండు ఇరుసుల నడుమ దూరం కొలవండి. ఇలాంటి ట్రైలర్లలో తరచుగా 33 అంగుళాలుంటుంది. అప్పుడు ముందూ వెనకా టైర్ల మధ్య ఐదు అంగుళాలకు తక్కువే మిగులుతుంది. నిలబడి ఉన్నప్పుడు సరిపోయినట్టే కనిపిస్తుంది. గుంతలో పడి ఒక ఇరుసు పైకి, ఒకటి కిందికి ఆడినప్పుడు ఏమవుతుందో చూడాలి. ఏ సైజు వేసినా సరే, ట్రైలర్ నిండా సామాను ఉన్నప్పుడే టైరు పైన ఎంత జాగా ఉందో కొలవండి. ఖాళీ ట్రైలర్ కొలత మోసం చేస్తుంది. ఈ టైరుకు మామూలు జోడీ 6 అంగుళాల వెడల్పు రిమ్ము. మీరు చూసిన 5 అంగుళాలది దీనికి ఇరుకు, ఇంకేం ఆలోచించక్కర్లేదు.

రిమ్ము కొనేటప్పుడు "ఐదు బోల్టులు, సరిపోతాయి" అన్న మాట చాలదు. 3,500 పౌండ్ల ఇరుసుకు మామూలుగా ఉండేది నాలుగున్నర అంగుళాల వృత్తం మీద ఐదు బోల్టులు. మిల్లీమీటర్లలో 114.3. ఇదే కొలత ఎన్నో కార్ల రిమ్ములకూ ఉంది, అందుకే కారు రిమ్ములు తెచ్చి బిగించేవాళ్లున్నారు. బోల్టులు ఎక్కుతాయి కూడా. కానీ కారు రిమ్ము మధ్య రేకు బయటివైపుకు జరిపి ఉంటుంది, దానితో టైరు లోపలికి, కట్టల వైపు వెళ్తుంది. ట్రైలర్ రిమ్ములో సాధారణంగా ఆ రేకు సరిగ్గా నడిమధ్యలో ఉంటుంది. అదీకాక కారు రిమ్ము నడిమి కన్నం చిన్నదైతే ట్రైలర్ హబ్ అందులో దూరదు. బరువు, గాలి, వెడల్పు, బోల్టుల వృత్తం, నడిమి కన్నం, రేకు ఎక్కడుందన్నది, ఇవన్నీ కుదిరితేనే రిమ్ము కుదిరినట్టు.

ఊరికే వచ్చే ఎస్‌యూవీ టైర్ల గురించి అడిగారు. ఊరికే వచ్చినా వద్దు. ప్యాసింజర్ టైరును ట్రైలర్‌కు వేస్తే దాని మీద రాసిన బరువును 1.10 తో భాగించాలని అమెరికా నిబంధన. 2,000 అని రాసి ఉంటే ట్రైలర్ మీద అది 1,818 కిందే లెక్క. అంకె సరిపోయినా కూడా దాని పక్కలు మెత్తన, కారులో కుదుపు తెలియకుండా ఉండాలని అలా చేస్తారు. ట్రైలర్ టైరు పక్కలు గట్టిగా ఉంటాయి. రెండు ఇరుసుల ట్రైలర్ మలుపు తిరిగేటప్పుడు టైర్లు దొర్లడం కంటే పక్కకు ఈడ్చుకుపోవడం ఎక్కువ. పెట్రోల్ బంకులో ఎప్పుడైనా మీ ట్రైలర్‌ను గట్టిగా మలుపు తిప్పి కిందికి దిగి టైర్లు చూడండి, పక్కలు ఎలా మెలి తిరుగుతాయో. మెత్తటి పక్కలతో అదే ట్రైలర్ హైవే మీద లారీ దాటినప్పుడల్లా తోక ఆడిస్తుంది.

ఇప్పుడు ఎవరూ చెప్పని చిన్న ముక్క, నాకు దెబ్బ తగిలి తెలిసింది. చాలా ఏళ్ల కిందట నా సామాన్ల ట్రైలర్‌కు రేంజ్ సి తీసి రేంజ్ ఇ వేయించాను. రిమ్ములు సరైనవే, బరువు లెక్కా సరైనదే. షాపు వాళ్లు పాత రబ్బరు వాల్వులే ఉంచేశారు, నేనూ అడగలేదు. మామూలుగా కార్లకు వేసే ఆ రబ్బరు వాల్వు హద్దు 65 పీఎస్‌ఐ. నేను 80 పెట్టుకుని తిరిగాను. మూడో నెలలో ఒక రోజు పొద్దున్నే చూస్తే టైరు నేలకు అంటుకుని ఉంది, వాల్వు మొదట్లో చీలింది. ఇంటి ముందే కాబట్టి బతికిపోయాను. రోడ్డు మీద అదే చీలి ఉంటే మీ చిల్డ్రెస్ కథ నాకూ ఉండేది. టైర్లు మార్చేటప్పుడు వాల్వులు కూడా మార్పించండి. మీకు 65 చాలు కాబట్టి రబ్బరుది హద్దులోనే ఉంటుంది, కానీ హద్దు మీద నడవడం ఎందుకు? ఎక్కువ గాలికి పనికొచ్చే వాల్వు గానీ, నట్టుతో బిగించే ఇత్తడి వాల్వు గానీ అడగండి. గాలి చూపించే సెన్సర్లు వాల్వు మీద బిగించుకునే ఆలోచన ఉంటే ఇత్తడిదే. సెన్సర్ బరువుకు రబ్బరు వాల్వు ఊగి ఊగి మొదట్లో తెగుతుంది. ఆ సెన్సర్లు మాత్రం తప్పకుండా కొనండి. ట్రైలర్ టైరులో గాలి దిగిపోతుంటే ట్రక్కు నడిపేవాడికి స్టీరింగ్‌లో ఏమీ తెలియదు. మీకు తెలిసింది కూడా పేలాకే కదా.

గాలి ఎప్పుడూ బయల్దేరే ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. 65 పెట్టి బయల్దేరితే మధ్యాహ్నానికి అది పైకి వెళ్తుంది. వెళ్లనివ్వండి, ఆ లెక్క వేసుకునే టైరు చేశారు. ఎక్కువైందని వదిలేస్తే సాయంత్రానికి మళ్లీ తక్కువ గాలి కథే.

బిగింపు. హబ్ బోల్టులు అర అంగుళానివైతే 90 నుంచి 120 అడుగు-పౌండ్ల మధ్య, నక్షత్రం గీసినట్టు ఎదురెదురుగా, మూడు విడతల్లో. షాపులో మిషన్‌తో టకటకా బిగించి పంపేస్తే ఇంటికొచ్చి టార్క్ రెంచితో మళ్లీ చూసుకోండి. కొత్త రిమ్ములు కుదురుకుంటాయి కాబట్టి 10, 25, 50 మైళ్ల దగ్గర ఆగి మళ్లీ బిగించాలి. అల్యూమినియం రిమ్ములైతే ఇందులో బద్ధకం అస్సలు పనికిరాదు. పాత ఇనప రిమ్ములకు వాడిన నట్లు అల్యూమినియం రిమ్ముకు కుదరకపోవచ్చు, కొనేటప్పుడే అడగండి.

స్టెప్నీ మర్చిపోకండి. నాలుగు 15 అంగుళాలవి వేసి స్టెప్నీ 14 ఉంచేస్తే, అవసరం వచ్చిన రోజు ఒకే పక్కన ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అవుతాయి. పొడుగుది తన వంతుకు మించి మోస్తుంది. ఐదూ ఒకటే సైజు, ఒకటే రేంజ్. కొత్త స్టెప్నీ పాత జాగాలో పడుతుందో లేదో కూడా ముందే చూసుకోండి.

ఇండియాలో ఉండి ఇది చదివేవాళ్లలో కొందరు ట్రాక్టర్ ట్రక్కుల సంగతి అడుగుతుంటారు. అక్కడ టైరు మీద సి, డి లాంటి అక్షరాల బదులు 16పీఆర్ (పీఆర్ అంటే ప్లై రేటింగ్) లాగా అంకె ఉంటుంది. సంగతి ఒకటే. ఇక్కడి సి ని అక్కడి భాషలో 6 ప్లై అంటాం, డి ని 8, ఇ ని 10. లోపల నిజంగా అన్ని పొరలు ఉంటాయని కాదు, పాత రోజుల కొలత పేరు అలా మిగిలిపోయింది. "ప్లై ఎక్కువ ఉన్న టైరు వేశాం, ఇంకో రెండు టన్నుల ధాన్యం ఎత్తొచ్చు" అనే మాట కోత రోజుల్లో ఏ ఊళ్లో చూసినా వినిపిస్తుంది. అక్కడా ఇరుసు పాతదే, హబ్ పాతదే, బ్రేకులు ఉంటే అవీ పాతవే.

మీ సంగతికి వస్తే, ఈ వారంలోనే ఒక పని చేయండి. కొలరాడో వెళ్లినప్పటిలాగే సామాను అంతా సర్దండి, నీళ్లు నింపండి. హైవే మీద ట్రక్ స్టాపులో కాటా ఉంటుంది, ట్రక్కుతో సహా ఎక్కించి, ట్రైలర్ ఇరుసులు వేరే పలక మీద పడేలా నిలబెట్టండి. ఖర్చు ఒక పూట భోజనమంత. జనం లేని సమయంలో వెళ్లి, కాటా నడిపేవాళ్లను అడిగి, వాళ్లు ఒప్పుకుంటే ఒక పక్క టైర్లు మాత్రమే పలక మీద ఉండేలా ఇంకోసారి తూయించండి. అప్పుడు ఎడమ పక్క ఎంత, కుడి పక్క ఎంత అన్నది తెలుస్తుంది. ఆ చీటీ, మీ పాత 14 అంగుళాల రిమ్ముల వెనక ఉన్న అంకె, ఈ రెండూ నాకు పంపండి. రిమ్ము మీద 2,040కి తగ్గకుండా ఉండి, 65 గాలికి సరేనంటే టైర్లు మాత్రం ఆర్డర్ చేయమంటాను. లేకపోతే 15×6 రిమ్ములు, వాటి మీద రేంజ్ డి. ఎడమ పక్క మరీ ఎక్కువగా తేలితే మాత్రం ముందు ఆ గ్రైండరును కుడివైపు మంచం కిందికి మార్చే సంగతి ఇంట్లో మాట్లాడండి. ఆ ఖాళీ రిమ్ములు అమ్మేవాళ్లకు ఇంకా డబ్బు ఇవ్వలేదనే అనుకుంటున్నాను.